పాయింట్ టూ టూ రైఫిల్‌కి పీప్ సైట్ కొనాలనుకుంటే, ముందు రింగ్ నుంచి మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీకు 41 ఏళ్ళు, దూరపు చూపుకి అద్దాలున్నాయి, రెండేళ్ళు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాల్చారు. ఇప్పుడు క్లబ్‌లో ఒక పాత ఆన్షుట్జ్ పాయింట్ టూ టూ (0.22 అంగుళాల తూటా) రైఫిల్ చేతికిచ్చి 50 మీటర్ల ప్రోన్ (పడుకుని కాల్చే పోటీ) మొదలుపెట్టమన్నారు. దాని రియర్ సైట్ (కంటి దగ్గర ఉండే, చిన్న రంధ్రంలోంచి చూసే గురి పరికరం, దీన్నే పీప్ సైట్ అంటారు) లూజుగా ఉంది కాబట్టి సొంత సెట్ కొనుక్కోవాలని ఉంది. ఒకరు ఖరీదైన కొత్త రియర్ సైట్ కొనమన్నారు, ఇంకొకరు మంచి ఐరిస్ (ఆ రంధ్రం సైజుని మార్చే బిళ్ళ) ఉంటే చాలన్నారు, మూడో ఆయన అసలు స్కోపు పెట్టుకోమన్నారు.

సూటిగా చెప్తాను. మొదట మీ కంటికి, మీ రైఫిల్‌కి సరిపడే ఫ్రంట్ రింగ్ (బ్యారెల్ చివర ఫ్రంట్ సైట్‌లో పెట్టేది, టార్గెట్ నల్ల చుక్క దాని మధ్యలో కనిపించాలి). రెండోది ఏమాత్రం లూజు లేని రియర్ సైట్, సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. మూడోది మామూలు ఐరిస్. డబ్బులు మిగిలితే షూటింగ్ కళ్ళద్దాలు. స్కోపు మాట మర్చిపోండి, మీరు వెళ్ళాలనుకుంటున్న ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పద్ధతి పోటీల్లో అది కుదరదు. ధర చూస్తే రియర్ సైట్ అన్నిటికంటే ఎక్కువ, రింగ్ అన్నిటికంటే తక్కువ. అందుకే అందరూ రియర్ సైట్ గురించే మాట్లాడతారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా స్మాల్‌బోర్, అంటే పాయింట్ టూ టూ, కాలుస్తున్నాను, పదేళ్ళుగా కొత్తవాళ్ళ పక్కన కూర్చుని చూస్తున్నాను. నా అనుభవంలో పాయింట్లు ఎక్కువగా పోయేది తప్పు సైజు రింగ్ వల్లే.

ఎందుకో చెప్పాలంటే కొంచెం లెక్క చెయ్యాలి, విసుక్కోకండి.

50 మీటర్ల టార్గెట్‌లో నల్ల భాగం, అంటే బుల్, అడ్డుకొలత 112.4 మి.మీ. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో 30.5 మి.మీ. పెద్ద టార్గెట్ కదా, పెద్దగా కనిపిస్తుందనుకుంటాం, కానీ దూరంతో భాగిస్తే సంగతి తిరగబడుతుంది. మీ కంటి నుంచి ఫ్రంట్ సైట్ 90 సెం.మీ. దూరంలో ఉందనుకోండి. అక్కడ ఎయిర్ రైఫిల్ బుల్ సుమారు 2.75 మి.మీ. చుక్కలా కనిపిస్తే, 50 మీటర్ల బుల్ సుమారు 2 మి.మీ. చుక్కలా కనిపిస్తుంది, అంటే ముప్పావు వంతే. బుల్ మరీ చిన్నగా అనిపిస్తోందని, రింగ్‌లో ఎక్కడో తేలుతున్నట్టుందని మీరు రాశారు చూడండి, కారణం ఇదే. మీ కన్ను పాడవలేదు. ఎయిర్ రైఫిల్‌లో అలవాటైన 4.4 మి.మీ. రింగ్‌నే ఇక్కడా పెట్టారు, అంతే.

మన దగ్గర ఈ తప్పు ఎక్కువగా జరగడానికి ఒక కారణం ఉంది. 2012 లండన్‌లో గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాక హైదరాబాద్ చుట్టుపక్కల పిల్లలు చాలామంది రైఫిల్ పట్టారు. వాళ్ళు పట్టింది ఎయిర్ రైఫిల్. దానికి లైసెన్సు బాధ తక్కువ, రేంజ్ చిన్నది, ఖర్చూ తక్కువ. కాబట్టి రింగ్ ఎంత, ఐరిస్ ఎంత అని అడిగితే ఎవరైనా చెప్పే అంకె పది మీటర్లదే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలె 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) కాంస్యం గెలిచిన తర్వాత పాయింట్ టూ టూ గురించి అడిగేవాళ్ళు పెరిగారు, చెప్పేవాళ్ళు మాత్రం ఇంకా తక్కువే.

రింగ్ సైజు ఎలా తేల్చుకోవాలి

మీ కన్ను ఉండే చోటు నుంచి ఫ్రంట్ సైట్ వరకు టేపుతో కొలవండి. పొజిషన్‌లో పడుకుని, చెంప ఆనించి, పక్కవాళ్ళతో కొలిపించుకోండి. ఆ దూరం మీటర్లలో ఎంతో దాన్ని 2.25తో గుణిస్తే బుల్ ఎన్ని మిల్లీమీటర్లుగా కనిపిస్తుందో వస్తుంది. 90 సెం.మీ. అయితే 2.02. దానికి 1.6 నుంచి 1.9 రెట్ల మధ్య రింగ్ ప్రోన్‌కి బాగుంటుందని నా అనుభవం, అంటే 3.2 నుంచి 3.8. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను 3.6 ఇస్తాను. స్టాండింగ్‌కి ఇంకా పెద్దది కావాలి, 4 దాటినా తప్పు లేదు.

ఇంకొకరి రింగ్ నంబర్ అడిగి అదే కొనడం ఎందుకు కుదరదో కూడా ఈ లెక్కే చెప్తుంది. బ్యారెల్ చివర ట్యూబ్ తొడిగి ఫ్రంట్ సైట్‌ని ముందుకు జరుపుకున్న వాళ్ళుంటారు, వాళ్ళకి కన్ను నుంచి సైట్ 110 సెం.మీ. ఉండొచ్చు. వాళ్ళకి బుల్ 2.5 మి.మీ. దాకా కనిపిస్తుంది, 4.2 రింగ్ హాయిగా ఉంటుంది. అదే 4.2 మీ పొట్టి రైఫిల్ మీద పెడితే మీ బుల్ చుట్టూ తెల్లదనం మరీ ఎక్కువైపోతుంది.

ఎయిర్ రైఫిల్ నుంచి వచ్చినవాళ్ళు రింగ్ మరీ పెద్దదని గ్రహించగానే ఒకేసారి 3.0కో 2.8కో దిగిపోతారు. నేనూ అదే చేశాను. బుల్ చుట్టూ సన్నటి తెల్ల గీతలా ఉంటే ఎంత కచ్చితంగా ఉందో అనిపిస్తుంది. ఆ ఏడాది రాష్ట్ర స్థాయి పోటీలో 3.0 రింగ్‌తో కాల్చాను. ప్రాక్టీసులో బాగానే ఉంది, మ్యాచ్‌లో టెన్షన్ ఎక్కాక రైఫిల్ నాడి కొట్టుకున్నట్టు ఊగుతుంటే ఆ సన్న గీత ఒకసారి ఇటు మాయమవుతోంది, ఒకసారి అటు మాయమవుతోంది. సరిగ్గా మధ్యకి వచ్చేదాకా ఆగుదామని పట్టుకుని పట్టుకుని, పన్నెండు పదిహేను సెకన్లకి కన్ను అలిసిపోయి, ఆ తర్వాత ట్రిగ్గర్ లాగేసేవాణ్ణి. అన్నీ తొమ్మిదులే. మా సీనియర్ ఒకాయన వెనక నుంచి గమనించి, మ్యాచ్ అయ్యాక ఏమీ అనకుండా తన డబ్బాలోంచి 3.6 రింగ్ తీసి ఇచ్చారు. వారం రోజులు బుల్ ఎటో తేలిపోతున్నట్టే అనిపించింది, కానీ షాట్లు త్వరగా పడటం మొదలైంది, గ్రూపు (షాట్లు పడిన గుంపు) కూడా దగ్గరైంది. వృత్తంలో వృత్తాన్ని మధ్యకి తేవడం కంటికి పుట్టుకతో వచ్చిన పని. దానికి చుట్టూ కొంచెం చోటు కావాలి, అంతే.

3.2, 3.4, 3.6, 3.8, 4.0, ఈ ఐదూ దగ్గర పెట్టుకోండి. ఒక్కో రింగ్‌తో పదేసి షాట్లు, రెండు మూడు వేర్వేరు రోజుల్లో, ఒకరోజు పొద్దున్న, ఒకరోజు మధ్యాహ్నం. గ్రూపుతో పాటు ఇంకోటి కూడా రాసుకోండి: షాట్ పేలిన క్షణంలో అది ఎటు వెళ్ళిందో మానిటర్ చూడకముందే చెప్పగలిగారా లేదా. చెప్పగలిగిన రింగే మీది.

రింగ్ కొనేముందు ఫ్రంట్ సైట్ గొట్టం ఏ సైజుదో చూసుకోండి. 18 మి.మీ., 22 మి.మీ. అని రెండు రకాలు బాగా వాడుకలో ఉన్నాయి. ఒకదాని రింగ్ రెండోదానికి పట్టదు. 22లో చుట్టూ వెలుతురు ఎక్కువ, పక్కవాడి టార్గెట్ నంబర్ కూడా కనిపిస్తుంది, స్టాండింగ్‌లో అది హాయి. ప్రోన్‌కి 18 నాకు ఇష్టం, చూపు చెదరదు. క్లబ్ రైఫిల్ మీద ఏది ఉంటే దానితోనే మొదలుపెట్టండి, గొట్టం మార్చడానికి ఇప్పుడే ఖర్చు పెట్టొద్దు. పారదర్శకమైన ప్లాస్టిక్ రింగులు వెలుతురు తక్కువ ఉన్నచోట బాగుంటాయి కానీ మన ఎండలో వాటి మీద మెరుపు, గీతలు, దుమ్ము చాలా విసిగిస్తాయి, కాబట్టి నేను లోహపు రింగులే వాడతాను. తిప్పితే సైజు మారే ఫ్రంట్ ఐరిస్ త్రీ పొజిషన్స్ వాళ్ళకి నిజంగా ఉపయోగం. మీకు మాత్రం వద్దు, మొదటి ఏడాదంతా దాన్ని తిప్పుతూనే ఉంటారు.

రియర్ సైట్: బ్రాండ్ కాదు, లూజు చూడండి

ఫ్రంట్ సైట్‌కీ రియర్ సైట్‌కీ మధ్య 83 సెం.మీ. ఉందనుకుంటే, రియర్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే టార్గెట్ మీద దెబ్బ 60 మి.మీ. జరుగుతుంది. అంటే అరవై రెట్లు. సైట్‌లో పదో వంతు మిల్లీమీటరు లూజు ఉన్నా 6 మి.మీ. తేడా. పది రింగ్ అడ్డుకొలత 10.4 మి.మీ., బుల్లెట్ 5.6 మి.మీ., కాబట్టి షాట్ మధ్య నుంచి 8 మి.మీ. లోపు పడితేనే పది. అందులో 6 మి.మీ. సైటే మింగేస్తే మీ చేతికి మిగిలేది రెండు. మీ క్లబ్ రైఫిల్ సైట్ లూజుగా ఉందన్నారు కదా, అది బాగయ్యేదాకా మీ గ్రూపు చూసి మీమీద మీరు ఏ తీర్పూ చెప్పుకోకండి.

క్లిక్‌కి (నాబ్ తిప్పితే సైట్ జరిగే ఒక్కో మెట్టుకి) కూడా ఇదే లెక్క. ఒక క్లిక్ 0.05 మి.మీ. జరిపితే టార్గెట్ మీద 3 మి.మీ. పక్కపక్క రింగుల మధ్య ఎడం 8 మి.మీ., అందులో పదో వంతు, అంటే 0.8 మి.మీ.కి డెసిమల్ స్కోరులో (పాయింటులో పదో వంతు దాకా లెక్కించే స్కోరు) 0.1 తేడా వస్తుంది. 3 మి.మీ. అంటే ఇంచుమించు 0.4. ప్రోన్‌లో డెసిమల్ లెక్క కాబట్టి ఇంతకంటే ముతక క్లిక్ వద్దు. ఒక చుట్టుకి 20 క్లిక్కుల సైట్ దొరికితే 10 క్లిక్కులదాని కంటే మేలే. కానీ లూజు ఉన్న 20 క్లిక్కుల సైట్ కంటే గట్టిగా ఉన్న 10 క్లిక్కుల పాత సైట్ వెయ్యి రెట్లు నయం.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు నేను చేసే పరీక్షలు రెండు. మొదటిది రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసేసి, ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, సైట్‌లోంచి టార్గెట్ చూస్తూ వేలితో సైట్‌ని పక్కకీ పైకీ మెల్లగా నొక్కడం. బొమ్మ కదిలి, వేలు తీశాక పాత చోటికి రాకపోతే ఆ సైట్ వద్దు. రెండోది కాల్చి చూడటం: ఐదు షాట్లు కాల్చండి, 20 క్లిక్కులు కుడికి తిప్పి ఐదు, 20 పైకి తిప్పి ఐదు, 20 ఎడమకి తిప్పి ఐదు, 20 కిందకి తిప్పి మళ్ళీ ఐదు. నాలుగు మూలలూ చతురస్రంలా రావాలి, చివరి గ్రూపు మొదటి గ్రూపు మీదే కూర్చోవాలి.

ఈ రెండో పరీక్ష చెయ్యకుండా నేనొకసారి దెబ్బ తిన్నాను. ఒకతని దగ్గర పేరున్న సైట్ సగం ధరకి వచ్చింది. పైకి చూస్తే కొత్తదిలా మెరిసిపోతోంది. గాలి మారినప్పుడు నాలుగు క్లిక్కులు కుడికి తిప్పాను, గాలి ఆగాక నాలుగు ఎడమకి తిప్పాను, షాట్ పాత చోటికి రాలేదు. లోపల స్క్రూ అరిగిపోయింది, తిప్పుడు దిశ మారినప్పుడల్లా ఒకటిన్నర క్లిక్కు ఉత్తినే తిరుగుతోంది. అది తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ తప్పు నా ట్రిగ్గర్‌లో ఉందనుకుని దాన్నే దిద్దుకున్నాను. ఎంత మంచి సైట్‌లోనైనా ఇది కొంచెం ఉంటుంది కాబట్టి ఒక అలవాటు చేసుకోండి: ఎప్పుడూ ఒకే దిశలో ముగించండి. ఎడమకి నాలుగు కావాలంటే ఆరు తిప్పి రెండు వెనక్కి రండి.

నాబ్ మీద జర్మన్ అక్షరాలుంటే హెచ్ అంటే పైకి, టీ అంటే కిందకి. అయితే ఆ మార్కు షాట్ ఎటు పోతుందో చెప్తోందా, ఎటు పడిన షాట్‌ని దిద్దుతుందో చెప్తోందా అన్నది కాల్చి చూసుకోండి. చాలామంది మొదటి మ్యాచ్‌లో ఇక్కడే కంగారు పడతారు.

బిగించే పట్టా సంగతి: జర్మన్ టార్గెట్ రైఫిల్స్‌కి సాధారణంగా 11 మి.మీ. డవ్‌టెయిల్ ఉంటుంది, ఆన్షుట్జ్, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ సైట్లు ఒక కంపెనీవి ఇంకో కంపెనీ రైఫిల్ మీద పడతాయి. పాత బ్రిటిష్ రైఫిల్ అయితే ముందు కొలవండి. ఎత్తు పెంచే బ్లాకులు కొంటే ముందుకీ వెనక్కీ ఒకే ఎత్తువి కొనండి.

ఐరిస్

సైట్ రంధ్రం మీ కంటిపాప కంటే చిన్నది కాబట్టి గురి గీతని నిర్ణయించేది రంధ్రం, మీ తల ఆ కాస్త జరగడం కాదు. పీప్ సైట్ గొప్పతనం అక్కడే ఉంది. రంధ్రాన్ని మరీ పెద్దది చేస్తే ఆ లాభం పోతుంది, తల జరిగినకొద్దీ గురి జరుగుతుంది. మరీ చిన్నది చేస్తే వెలుతురు తగ్గి, అంచులు మళ్ళీ మసకబారతాయి. 0.5 నుంచి 3.0 మి.మీ. దాకా తిరిగే ఐరిస్‌లు దొరుకుతాయి, అందులో మీరు ఉండేది 1.0, 1.3 మధ్యలోనే. 1.2 దగ్గర మొదలుపెట్టి, బుల్ అంచు బూడిద రంగుకి తిరిగేదాకా మెల్లగా మూసి, అక్కణ్ణుంచి కొంచెం తెరవండి. బుల్ మరీ స్పష్టంగా కనిపించాలని మూసుకుంటూ పోకండి. స్పష్టంగా ఉండాల్సింది ఫ్రంట్ రింగ్. రంగు ఫిల్టర్లు, పోలరైజర్లు ఉన్న ఖరీదైన ఐరిస్ మొదటి ఏడాది అక్కర్లేదు.

కన్ను రంధ్రానికి ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉంటే సాధారణంగా బాగుంటుంది. రంధ్రంలోంచి చూస్తే ఫ్రంట్ గొట్టం చుట్టూ సమానంగా తెల్లటి అంచు కనిపించాలి. అది ఒకవైపు సన్నబడితే సైట్‌ని జరపకండి, ముందు చెంప ఆనే చెక్క ఎత్తు సరిచెయ్యండి.

మీ కళ్ళద్దాల గురించి

మీ వయసులో ఇది రియర్ సైట్ కంటే ముఖ్యం కావచ్చు. ఫ్రంట్ సైట్ 90 సెం.మీ. దూరంలో, బుల్ 50 మీటర్ల దూరంలో. ఒక కన్ను రెండింటినీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. నలభై దాటాక కన్ను దగ్గరికి సర్దుకునే శక్తి తగ్గుతుంది, రింగ్ మసకగా కనపడుతుంది, మనం సైట్‌ని తిట్టుకుంటాం. చాలామందికి పనిచేసే మార్గం: మీ దూరపు చూపు పవర్‌కి ప్లస్ 0.50 కలిపి ఒకే పవర్ ఉన్న అద్దం. అది చూపుని దాదాపు రెండు మీటర్ల దగ్గరికి తెస్తుంది, చిన్న రంధ్రం సాయంతో ముందు రింగ్ గట్టిగా, వెనక బుల్ కొంచెం మెత్తగా, రెండూ పనికొచ్చేంతగా కనిపిస్తాయి. కళ్ళ డాక్టరుకి దూరం టేపుతో కొలిచి చెప్పండి, ప్లస్ 0.25, 0.50, 0.75 మూడూ ట్రయల్ అద్దాలతో పట్టి చూడండి.

ప్రోగ్రెసివ్ అద్దాలతో (పైనుంచి కిందకి పవర్ మారే అద్దాలు) కాల్చకండి. మా దగ్గరికి బ్యాంకులో రిటైరైన ఒకాయన వచ్చేవారు, ప్రోన్‌లో తల వంచగానే ఆయన చూపు అద్దం పైఅంచులోంచి వెళ్ళేది, రోజుకో చోట గ్రూపు. మామూలు ఫ్రేములో ఒకే పవర్ అద్దం వేయించుకున్నాక కూడా అద్దం ఏటవాలుగా ఉండి కొంచెం ఇబ్బంది పడ్డారు. అద్దాన్ని చూపుకి నిటారుగా తిప్పుకునే షూటింగ్ ఫ్రేము వచ్చాకే కుదిరింది. కరెక్షన్ లెన్సుని సైట్‌కి బిగించడం ఐఎస్ఎస్ఎఫ్ నియమాల ప్రకారం కుదరదు, కళ్ళకి పెట్టుకోవాలి.

రెండో కన్ను మూయకండి. మూస్తే గురి పెట్టే కన్ను కూడా బిగుసుకుంటుంది. 30 మి.మీ. వెడల్పు మించని తెల్లటి ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టుకోండి. నల్లది వద్దు, వెలుతురు పోకూడదు.

వెలుతురు గురించి ఒక్క మాట. 50 మీటర్ల రేంజ్‌లో సాధారణంగా ఎక్కువ భాగం ఆకాశం కిందే ఉంటుంది. మీ విజయవాడ ఎండలో పదకొండు దాటాక నేల మీంచి సెగ లేస్తుంటే బుల్ ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది, మబ్బు పట్టగానే నల్లగా గట్టిపడుతుంది. అప్పుడల్లా ఐరిస్‌నీ రింగ్‌నీ మార్చేయాలనిపిస్తుంది. మ్యాచ్ షాట్లు మొదలయ్యాక సైటర్స్‌కి (స్కోరులోకి రాని ముందు షాట్లకి) వెనక్కి వెళ్ళే వీలుండదు కాబట్టి అక్కడ మార్చిన ప్రతిదీ స్కోరు మీదే పరీక్షించినట్టవుతుంది. ఎండలో ఎంత, మబ్బులో ఎంత అని ప్రాక్టీసులోనే డైరీలో రాసుకోండి.

ఇప్పటికి మీరు కొనాల్సింది ఐదు రింగులే. ఈలోగా క్లబ్ వాళ్ళతో ఆ లూజు సైట్ స్క్రూలు బిగించమని అడగండి, కొన్నిసార్లు అరుగుదల కాకుండా అడుగున ఉన్న బిగింపే వదులుగా ఉంటుంది. కన్ను నుంచి ఫ్రంట్ సైట్ దూరం, గొట్టం 18దా 22దా, మీ అద్దం పవర్ ఈ మూడూ కొలిచి ఇక్కడ రాస్తే ఏ రింగ్‌తో మొదలుపెట్టాలో లెక్క వేసి చెప్తాను.